విన్నదానిని తిరిగి చెప్పుట: ఉద్దానములో ఒక ఆరోగ్య భాగస్వామ్యమును గూర్చి

(కవిటిలో చేసిన స్మారకోపన్యాసము)



ఈ ఉపన్యాస నిధిని నెలకొల్పిన కుటుంబమువారు, మూత్రపిండముల వ్యాధితో దివంగతులైన తమ తండ్రిగారి పేరును వేదికపై పదేపదే పలుకుటకంటె, వారు జీవితమంతయు చేసిన పనికి దగ్గరైన విషయమును గూర్చి మాటలాడుమని నన్ను కోరిరి. వారు గ్రామోపాధ్యాయులు. మండల కేంద్రములో ఏ సమావేశమునకు పోయివచ్చినను, మరునాటి సాయంకాలము తోటి ఉపాధ్యాయులను కూర్చుండబెట్టి, అచ్చట విన్నదానిని తమ మాటలలో చెప్పి, అందులో తమకు బోధపడనిది ఏదో అదియు దాచక చెప్పెడివారని వారి శిష్యులు నేటికిని స్మరించుచున్నారు. కావున శిక్షణమునకు పోయివచ్చిన ఒక్కరి తెలివి పదిమంది పనిగా మారుట ఎట్లు అను ప్రశ్నను నేడు నా విషయముగా గ్రహించితిని. దానిని ఈ ఉద్దానపు ఇసుకనేలమీదనే, ఈ వ్యాధి చుట్టును మనము అల్లుకొనుచున్న భాగస్వామ్యమును పట్టుకొనియే చర్చించెదను.

ఒకవైపు తూర్పు కనుమలకు, మరియొకవైపు సముద్రమునకు నడుమ, కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా పరచుకొనియున్న ఈ భూభాగమున, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో, మధుమేహము లేనివారికి, రక్తపుపోటు ఎరుగనివారికి, తోటపని చేసికొని బ్రతుకు నడివయస్కులకు మూత్రపిండములు చడిచప్పుడు లేక క్షీణించిపోవుట దశాబ్దములుగా చూచుచున్నాము. నీటిలోని సిలికా అనిరి, భారలోహములనిరి, పురుగుమందులనిరి, ఎండలో దాహముతో చేయు చాకిరి యనిరి, నొప్పిమాత్రలనిరి. వీనిలో ఏ ఒక్కటియు నేరమంతయు తనదేయని నిరూపింపబడలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరిరైతులను, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశముల చెరకుకూలీలను ఇట్టి వ్యాధియే పీడించుచున్నది. నికరాగువాలో చెరకుతోటల నడుమనున్న ఒక పల్లెకు, మగవారిలో అనేకులు ఈ వ్యాధికే బలియగుటచే, వితంతువుల దీవి యను పేరు వచ్చెనన్నచో ఆ దుఃఖము మనకు వివరింపనక్కరలేదు.

కారణము తెలిసిన వ్యాధియైనచో ఒక శాఖవారు పూనుకొని ఆ కారణమును తొలగింపవచ్చును. కారణము తెలియని వ్యాధికి అట్టి ఏకైక బాధ్యుడు ఉండడు. ఇంటింటికి తిరుగు ఆశా, ఏ.ఎన్.ఎం., ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు, రక్తములో క్రియాటినిన్ కొలుచు టెక్నీషియను, డయాలసిస్ కేంద్రములోని నర్సు, నీటిగొట్టములు చూచు ఇంజనీరు, పంచాయతి, పొదుపు సంఘములవారు, దూరదేశమునుండి వచ్చు పరిశోధకుడు, వీరందరికంటె ముందుగా రోగియు రోగి ఇల్లాలును, తలకొక ముక్క పట్టుకొని యున్నారు. హిరమండలము జలాశయమునుండి సుమారు 700 కోట్ల రూపాయల వ్యయముతో ఉద్దానమునకు మంచినీరు తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల మూత్రపిండ చికిత్సాలయమును 2023 డిసెంబరు 14న ప్రారంభించిరి. నీరు వచ్చెను, ఆసుపత్రి వచ్చెను. ఇక ఈ ముక్కలు ఒకదానితో నొకటి కలియుట మాత్రము ఏ గుత్తేదారును కట్టియీయగలుగు పని కాదు.

శిక్షణ కార్యక్రమములు మనకు కొరతలేదు. రాష్ట్రస్థాయిలో కొందరికి, వారిచేత జిల్లాలో కొందరికి, వారిచేత మండలములో మరికొందరికి, చివరకు ఆశాలకు, ఈ విధముగా మెట్లుమెట్లుగా పాఠము దిగివచ్చును. "నిన్న ట్రైనింగుకు వెల్లొచ్చినాను" అని ఆశా చెప్పునప్పుడు ఆమె చేతిలో ఒక సంచి, అందులో ఒక పుస్తకము, ఒక కలము, సంతకము పెట్టిన హాజరుపట్టీ జ్ఞాపకము ఉండును. ఇక పాఠము సంగతి. రెండుదినములలో విన్నదంతయు ఆమె ఎవరికి చెప్పవలెను? అడుగువారెవరు? వైద్యుడు నివేదిక అడుగును, అది ఎందరికి పరీక్ష చేసితివను లెక్క. పర్యవేక్షకురాలు రిజిస్టరు అడుగును. నీవు విన్న క్రొత్తసంగతి యేమి, అది మన ఊరికి ఎట్లు వర్తించును అని అడుగువారు లేకపోవుటచే, ఆ తెలివి ఆమె ఒక్కతెయొద్దనే ఉండి, ఆమె పని మానివేసినచో ఆమెతోనే వెడలిపోవుచున్నది.

మెట్టుమెట్టునను పాఠములో ఏమి జారిపోవునో ఒక్కదానిని దగ్గరగా చూచెదము. క్రియాటినిన్ విలువనుబట్టి మూత్రపిండములు నిమిషమునకు ఎంత రక్తమును వడబోయుచున్నవో లెక్కకట్టుదురు. ఆ లెక్క 60కి తగ్గి, తగ్గిన స్థితియే కనీసము మూడు మాసములు నిలిచియున్నచో అప్పుడు దీర్ఘకాలిక వ్యాధి యందురు. ఒకనాడు ఎండలో పనిచేసి నీరు చాలక, లేదా విరేచనములు పట్టి, క్రియాటినిన్ పెరిగినవానికి అది మరల దిగిపోవచ్చును. వైద్యునకు ఇది ప్రథమపాఠము. అయినను పాఠము క్రిందికి దిగుచుండగా, మూడు మాసముల తరువాత మరల పరీక్ష అను షరతు ఏదో ఒక మెట్టుమీద ఆగిపోవును. ఊరిలోనికి వచ్చునది "నీకు కిడ్నీ జబ్బొచ్చీసింది" అను ఒక్కమాట. ఆ మాటతో ఒక ఇంట ఆడపిల్ల సంబంధము తప్పిపోవును. ఒక తండ్రి అప్పుచేసి పట్టణపు ఆసుపత్రుల చుట్టు తిరుగును. దీనికి తలక్రిందుగా, ఒక్కసారి పరీక్ష బాగుగా వచ్చెనని ధైర్యము తెచ్చుకొని ఏండ్లతరబడి అటు చూడనివారును కలరు. వ్యాధి లక్షణములు పైకి కనబడునప్పటికి వారి మూత్రపిండములలో మిగిలియుండునది స్వల్పము.

ఇప్పుడు ఆ మూడు మాసముల పాఠము చెక్కుచెదరక మత్స్యకార గ్రామమునకు చేరినదనుకొనుడు. అచ్చటి మగవారిలో అనేకులు గుజరాతు తీరమున వేరావలు రేవులో పడవలమీద నుందురు. మూడు మాసములు గడచునప్పటికి మనిషి ఊరిలో ఉండడు. శిక్షణ పుస్తకము వ్రాసినవారికి ఇది తెలియదు; తెలియకపోవుట తప్పును కాదు. ఆశాకు తెలియును. వానకాలమున అచ్చట వేట నిలిచి పడవలు రేవున కట్టివేయునప్పుడు ఎవరెవరు ఇండ్లకు వత్తురో ఆమె ఇల్లిల్లు చెప్పగలదు. వైద్యశాస్త్రపు షరతుకు ఈ ఊరి పంచాంగము తోడైనపుడుగాని రెండవ పరీక్ష జరుగదు. కావున విన్నదానిని తిరిగి చెప్పుట యనగా చిలుకవలె వల్లించుట యని నేను తలంపను. చెప్పుచుండగా వినువారు అడ్డుపడి, మా యొద్ద ఇది ఇట్లు కుదరదనుట, చెప్పువారు దానిని వ్రాసికొనుట, వ్రాసికొన్నది పైమెట్టునకు చేరుట, ఇదంతయు చేరినదే నేను చెప్పు పని.

ఈ పని మన నేలకు క్రొత్తది కాదు. 1940 మార్చి చివరివారమున అఖిల భారత కిసాన్ సభ మహాసభ ఇచ్చటి పలాసలోనే జరిగెను. రాహుల్ సాంకృత్యాయన్ దానికి అధ్యక్షులుగా ఎన్నికైరి. కొలదిదినములకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున, అడవి కట్టెపై తమ హక్కును నిలుపుకొనుటకు ఊరివారు పోలీసులకు ఎదురునిలిచిరి. నిండుచూలాలైన గున్నమ్మయు మరికొందరును కాల్పులలో నేలకొరిగిరి. సభకు పోయినవారు కొందరు; తుపాకుల యెదుట నిలిచినది ఊరు. మహాసభ తీర్మానములు కాగితముమీద ఎంత ఘనముగానున్నను, అవి గూడెములలో, బావిగట్లమీద, అరుగులమీద ఇంటిమాటలుగా మారనిచో ఏ ఇల్లాలును గడపదాటి రాదు. అర్ధశతాబ్ది తరువాత నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమపు వాచకములోని ఒక చిన్న కథను సాయంకాల తరగతిలో విని, అది తమ ఇండ్ల కథయేయని గుర్తుపట్టి, సారా దుకాణమును మూయించిన స్త్రీలు, 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమంతట సారా నిషేధమునకు త్రోవతీసిరి. ఆ వాచకము జిల్లా అంతట పంచిరి. దూబగుంటలో జరిగినది, పుస్తకము మూసిన పిమ్మట ఆడువారు ఒకరితోనొకరు మాటలాడుకొనుట. నేను శిక్షణములకంటె వాని తరువాతి సంభాషణకు ఎక్కువ విలువనిచ్చుటకు ఇదియే హేతువు.

మన జిల్లాకు మరియొక అనుభవమును కలదు. 2000 సంవత్సరమున పేదరిక నిర్మూలనకై తలపెట్టిన వెలుగు పథకము మొదట చేపట్టిన ఆరు జిల్లాలలో శ్రీకాకుళము ఒకటి. పొదుపు సంఘములు గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా పెనవేసికొన్నవి. క్రమము తప్పని సమావేశము, పొదుపు, లోపలి అప్పులు, వాయిదాల చెల్లింపు, పుస్తకముల నిర్వహణ అను పంచసూత్రములు చదువురాని స్త్రీల నాలుకలమీద నిలిచినవి. వానిని నిలిపినది అధికారుల ఉపన్యాసములకంటె, తమ అప్పులు తాము తీర్చుకొని నిలద్రొక్కుకొన్న స్త్రీలు ప్రక్క ఊళ్లకు పోయి, అచ్చటనే దినములతరబడి మకాముండి, తమ సంఘమెట్లు నడచెనో, ఎచ్చట తప్పినదో చెప్పుటయని నా గట్టి నమ్మకము. వాయిదా కట్టలేనిదానికి వాయిదా కట్టలేకపోయినదే చెప్పవలెను. ఆరోగ్యవిషయమున ఆ పద్ధతిని మనము చేపట్టకపోవుట నాకు మిక్కిలి విచారము కలిగించుచున్నది.

ఒక సమాఖ్య సమావేశమున నేను కన్నులార చూచినదానిని మనవిచేసెదను. శిక్షణమునుండి వచ్చిన ఒక యువతి, ఆశాగా క్రొత్తది, సంఘపు చాపలమీద కూర్చుండి, నొప్పిమాత్రలు వాడరాదని, ఎండలో పనిచేయువారు నీరు తరచుగా త్రాగవలెనని, తాను వ్రాసికొన్నది చూచుచు చెప్పుచుండెను. ఒక వృద్ధురాలు ఆమెను నిలిపి, "నొప్పి బిల్ల ఒద్దంటావు. జీడితోటల వొంగి వొంగి నడుం ఇరిగిపోతాది. మరి నానేటి సెయ్యాల తల్లీ?" అనెను. యువతి పుస్తకము త్రిప్పెను, అందులో లేదు. "నాకు తెల్దమ్మా, డాక్టరుగార్ని అడిగి సెప్తాను" అనెను. ఇంతలో వెనుకనుండి పెనిమిటి డయాలసిస్ చేయించుకొనుచున్న మరియొక స్త్రీ నెమ్మదిగా అడిగెను: "ఈయనకి వొంట్లో ఓపిక నేదని రోజూ ఒక బొండాం కొట్టి ఇస్తన్నాను. మంచిదే గదా?"

సభలో చాలమంది మంచిదే యనిరి. కొబ్బరితోటల నడుమ పుట్టిపెరిగినవారికి బొండమునకు మించిన ఆదరణ యేది? అయితే లేత కొబ్బరినీటిలో పొటాషియము అధికము. ఒక పెద్దబొండములో అరగ్రాము పైబడియే యుండవచ్చును. బాగుగా పనిచేయు మూత్రపిండములు దానిని వెడలగొట్టివేయును. చివరిదశకు వచ్చిన రోగిలో అది రక్తమున నిలిచిపోయి గుండె కొట్టుకొనుటనే తడబరచి ప్రాణము తీయగలదు. పనసతొనలకును ఇదే హెచ్చరిక. అట్లే ఎండలో పనివానికి నీరు తరచుగా త్రాగుమనుట ఎంత హితమో, మూత్రము తగ్గిపోయి డయాలసిస్ మీద బ్రతుకుచున్నవానికి అదే మాట అంత అపాయకరము. అతనికి నీరు వైద్యుడు చెప్పిన కొలత. ఒకే గదిలో, ఒకే నోట, ఇద్దరికి ఒకటే మాట చెప్పి వెడలిపోవుట ఎట్టిదో ఆ ప్రశ్నలవలన పిమ్మట మాకందరకు తెలియవచ్చెను.

ఆ యువతి రెండు ప్రశ్నలను తన పుస్తకపు చివరిపుటలో వ్రాసికొని ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయెను. వైద్యుడు మరుసటి సమావేశమునకు తానే వచ్చెను. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి దుకాణమున కొని మ్రింగుట మానుడనియు, నొప్పి ఓర్చుకొనలేనప్పుడు తన్ను అడిగి మితముగా పారాసిటమాల్ వాడవచ్చుననియు, వేడికాపడము పెట్టుకొనుడనియు చెప్పి, బొండముల సంగతిని డయాలసిస్ రోగుల ఇండ్లకు వేరుగా పోయి చెప్పవలసినదిగా ఆశాలందరకు ఆదేశించెను. నాకు ఆ వైద్యునియందు కలిగిన గౌరవము ఆయన విద్యవలన గాదు. తన కార్యకర్త తెలియదన్న మాటను లోపముగా గణింపక, దానిని పనిగా స్వీకరించినందుకు. తెలియదనినచో చులకన యగుదుమేమో యను భయమున్నచోట ఎవరును ఏ పాఠమును నిజముగా పంచుకొనరు. ఏదో ఒక సమాధానము చెప్పివేయుదురు. ఆ సమాధానమునకు మూల్యము రోగి చెల్లించును.

ఇక పరిశోధకులను గూర్చి. ఈ గ్రామములకు ఎన్నెన్నో బృందములు వచ్చినవి. రక్తము తీసిరి, మూత్రము తీసికొనిరి, బావినీటిని సీసాలలో పట్టిరి, మట్టిని మూటకట్టిరి. వారి శ్రద్ధను నేను శంకింపను. అయినను ఇంటిముందర నిలిచిన క్రొత్తబృందమును చూచి, "కిందటేడు తీసిన రగతం సంగతేటో సెప్పండి ముందు" అని ఒక ముసలితండ్రి అడిగినప్పుడు, వచ్చినవారియొద్ద సమాధానము లేకపోవుట నేను చూచితిని. ఆయన కోపగించుకొనలేదు. చేయి మాత్రము చాపలేదు. పరిశోధనకు సమ్మతినిచ్చినవాడు ఆ పరిశోధనలో భాగస్వామి. అతనికి ఫలితము చెప్పుట మర్యాదలలో చివరిది కాదు, ఒప్పందములో మొదటి షరతు. ఫలితము తేలనప్పుడు తేలలేదనియే చెప్పవలెను. ఆంగ్లపత్రికలో అచ్చయిన వ్యాసమునకు ఒక తెలుగు పుట, ఇచ్ఛాపురమువైపు ఒడియా మాటలాడు ఇండ్లకు ఒక ఒడియా పుట, గ్రామసభలో ఒక గంట: ఇంతకుమించి మన ఊళ్లు అడుగుట లేదు.

పంచుకొనదగనిదియు ఒకటి కలదు. పాఠము అందరిది, మనిషి పరీక్షాఫలితము ఆ మనిషిది. సమావేశములో ఉత్సాహముకొద్ది ఎవరి క్రియాటినిన్ ఎంతయో పైకి చదివినచో, మరుసటివారము చాపలు సగము ఖాళీయగును. పెండ్లిసంబంధములు తప్పిపోవునను భయమును పైకి చెప్పకయే జనులు పరీక్షకు వచ్చుట మానుదురు. ఈ హద్దును మొదటినుండియు గట్టిగా పాటింపవలెను.

అట్లే పంచుకొనవలసినదానిని పంచుకొనకపోవుటయు ముప్పే. 2018 అక్టోబరు 11 వేకువను తిత్లీ తుపాను ఈ తీరమును దాటి తోటలను కూల్చినప్పుడు, ఊళ్లు దినములతరబడి విద్యుత్తు లేక, చెట్లు పడి దారులు మూసికొని యుండెను. వారమునకు రెండు మూడు మారులు డయాలసిస్ కావలసినవానికి ఆ దినములు ఎట్టివో ఊహింపుడు. తుపాను జాగ్రత్తలపై శిక్షణ పొందువారు వేరు, వ్యాధిపై శిక్షణ పొందువారు వేరు. ఒకరు విన్నది మరియొకరికి చేరదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మొదట తరలింపవలసిన గర్భిణుల జాబితాప్రక్కన డయాలసిస్ రోగుల జాబితాయు ఉండవలెననుటకు పెద్ద విద్య అక్కరలేదు. రెండు శిక్షణములవారు ఒక సాయంకాలము ఒకచోట కూర్చుండినచో చాలును.

కార్యాచరణకు నేను కోరునవి స్వల్పములు. శిక్షణమునకు ఒక్కరిని పంపక ఇద్దరిని పంపుడు. అందులో ఒకరు రోగియింటివారైనచో మరియు మేలు, ఏలయన ఒకరు మరచినది రెండవవారు తలచుకొందురు, ఒకరు అడుగ సందేహించినది రెండవవారు అడుగుదురు. తిరిగివచ్చిన వారములోపల సమాఖ్య సమావేశమున వారికి గంటకాలమీయుడు. అందులో సగము వినువారి ప్రశ్నలకే విడువుడు. సమాఖ్య తీర్మానముల పుస్తకములో జవాబు దొరకని ప్రశ్నలకని వేరుగా పుటలు కేటాయించి, ప్రశ్న ప్రక్కన తేదీని, అది ఎవరికి పంపబడినదో ఆ పేరును, జవాబు వచ్చిన తేదీని వ్రాయుడు. నెలకొకమారు వైద్యుడు ఆ పుటలను చూచి సంతకము చేయవలెను. ఇందుకు ప్రత్యేకముగా నిధులు అక్కరలేదు. ఆశాలకు ఆ గంటకు తగిన భత్యము మాత్రము తప్పక ఇప్పింపవలెనని అధికారులను కోరుచున్నాను, వారి శ్రమను సేవయను పేరుతో ఊరక తీసికొనుట న్యాయము కాదు.

రాబోవు శిక్షణమునకు కవిటి మండలమునుండి వెళ్లువారు, తమతో ఆ పుటల నకలును తీసికొనిపోయి, పాఠము మొదలగుటకు ముందుగానే శిక్షకుల చేతికి ఇచ్చి, వీనికి మొదట సమాధానము చెప్పుడని అడుగవలెనని నా ప్రార్థన. నేను చెప్పిన యువతి పుస్తకపు చివరిపుటలో, నేను చూచిననాటికి, జవాబురాని ప్రశ్నలు మూడు మిగిలియుండెను. కుళాయినీరు వచ్చిన తరువాత పాతబావి నీటిని వంటకు వాడవచ్చునా అనునది ఒకటి. తండ్రికి వ్యాధియున్న ఇంట పిల్లలకు ఏ వయస్సునుండి పరీక్ష చేయింపవలెననునది రెండవది. వేరావలు పోవు పిల్లవానికి అచ్చట పరీక్ష ఎవరు చేయుదురు, ఆ కాగితము ఇచ్చటికి ఎట్లు వచ్చును అనునది మూడవది.